సగటున నాలుగు నెలలు

జూన్ 2, సోమవారం

పెద్దసారు పిలిచారు. వెళ్ళాను. కూర్చోమనలేదు, నిలబడ్డాను.

"ఏమయ్యా, ఆ గోడ మీద తెర సంగతి ఏం చేశావు?"

ఏం చేయలేదు. చేయాలని మాత్రం చాలా రోజులుగా అనుకుంటున్నాను. "చూస్తున్నాను సార్" అన్నాను. ఈ ఆసుపత్రి కంప్యూటర్ల ఉద్యోగంలో నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు అన్న మాట అదే అయి ఉంటుంది.

ఆసుపత్రి కింది హాల్లో గోడకి పెద్ద తెర ఉంది. ఏ ఆపరేషనుకి సగటున ఎన్నాళ్ళు ఆగాలో అందులో కనబడుతుంది. ఆ అంకె కోసం తెర మాటిమాటికీ డేటాబేస్‌ని అడుగుతుంది. అడిగిన ప్రతిసారీ అది మొదటి పేషెంటు నుంచి నిన్నటి పేషెంటు దాకా ప్రతి రికార్డూ తిరగేసి, రోజులు కూడి, మనుషులతో భాగించి అంకె చెబుతుంది. ఆ లెక్క తెమిలేదాకా రిసెప్షన్‌లో కంప్యూటర్లన్నీ బిగుసుకుపోతాయి. చీటీలు రావు, జనం పోగవుతారు. మైకులో పేర్లు పిలిచే ఆవిడని మేమంతా మైకమ్మ అంటాం, ఎదురుగానే. ఇవాళ ఆవిడ విసుగు మైకులోనే వినబడింది. "కంప్యూటరు ఆలోచిస్తోంది. దయచేసి మీరు కూడా కూర్చుని ఏదో ఒకటి ఆలోచించుకోండి."

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. కుట్టు మిషను మీద దుప్పటి కప్పి ఉంది. తుంటి అరిగిపోయాక పెడలు తొక్కలేదు. చేత్తో గుండీలు కుడుతుంది, అంచులు మడుస్తుంది, లేకపోతే వీధి చూస్తుంది.

"ఏమన్నారు మీ గోడ?" అంది, గోడకి కూడా మర్యాదిస్తూ, రోజూ అన్నట్టే.

"తుంటికి నాలుగు నెలలే. మారలేదు."

"ఊఁ" అంది.

తన పేరు మా ఆసుపత్రి లిస్టులోకి ఎక్కి పది నెలలు. కానీ మధ్యలో సుగరు ఎక్కువగా ఉందని ఒకసారి వెనక్కి నెట్టారు. అక్కడి నుంచి లెక్కేస్తే నాలుగో నెల నడుస్తోంది. అక్కడి నుంచే లెక్కేయాలి. ఇక ఏ రోజైనా పిలుపు రావచ్చు.

జూన్ 5, గురువారం

ఇండెక్స్ వేశాను. పుస్తకం వెనక ఏ మాట ఏ పేజీలో ఉందో రాసినట్టు. వెతకడం తేలికైంది గానీ కూడడం తేలిక కాలేదు. అన్నీ కూడాలంటే అన్నీ చూడాల్సిందే కదా. తెర మీద అంకె కాస్త తొందరగా వచ్చింది. మైకమ్మని అడిగితే, "అన్నా, ఇదివరకు టీ తాగి వచ్చేదాన్ని, ఇప్పుడు టీ సగంలో వదిలేసి రావాల్సి వస్తోంది, అంతే తేడా" అంది.

నడుం పట్టేసింది.

జూన్ 8, ఆదివారం

వదిన ఫోన్ చేసింది. మా ఆవిడ అక్క. వేరే ఊళ్ళో చిన్న ఆసుపత్రిలో నర్సు.

"మరిదిగారూ, మా దగ్గరికి కొత్తగా ఎముకల డాక్టరుగారు వచ్చారు. చెయ్యి చాలా మంచిది. ఈ నెలాఖరుకి ఒక్క చోటు ఖాళీ ఉంది, చెల్లి పేరు రాయించనా? ఒక్కటే చిక్కు. రెండు చోట్ల పేరు ఉండకూడదట. మీ దగ్గర తీయించెయ్యాలి."

"ఎంతో దూరం లేదు వదినా. మా దగ్గర సగటు నాలుగు నెలలు, మాకు నాలుగో నెల. ఇప్పుడు పేరు తీయిస్తే నోటిదాకా వచ్చింది నేలపాలు చేసుకున్నట్టే. పైగా ఇక్కడైతే పెద్ద ఆసుపత్రి, నేనూ ఇక్కడే ఉంటాను."

"మీ ఇష్టం. మంగళవారంలోపు చెప్పండి. తరవాత నా చేతుల్లో ఉండదు."

ఫోన్ పెట్టేశాక మా ఆవిడ నా మొహంలోకి చూసింది.

"నువ్వేమంటావు?" అన్నాను.

"నా మాట ఎప్పుడు లెక్కచేశారు గనక, ఇప్పుడు అడుగుతున్నారు?"

"అదేం మాట!"

"ఊరికే అన్నాన్లెండి. మీకు తెలిసినంత నాకేం తెలుసు, ఆ లెక్కలు కట్టేది మీరే కదా. అయినా మీరు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు." సూదిలో దారం ఎక్కిస్తూ, "దానికి మూడైనా ఉన్నాయి, నాకు ఒకటిన్నరే" అని నవ్వింది.

నేనూ నవ్వాను.

జూన్ 10, మంగళవారం

వదినకి వద్దని చెప్పేశాను. ఆలోచించే చెప్పాను. సరైన పనే చేశాను.

జూన్ 12, గురువారం

మా ఆవిడ దగ్గర గుండీల డబ్బాలు ఉన్నాయి, రంగుకి ఒకటి. మూత మీద సుద్దతో అంకె వేసి ఉంటుంది. గుండీ తీస్తే అంకె చెరిపి తగ్గించి రాస్తుంది, వేస్తే పెంచి రాస్తుంది. డబ్బా బోర్లించి మొదటి నుంచి లెక్కపెట్టడం ఎప్పుడూ చూడలేదు. పెళ్ళయిన నాటి నుంచి ఆ డబ్బాలు నా కళ్ళెదురుగానే ఉన్నాయి. నేను చేయాల్సిందీ అదే కదా అని పొద్దున పళ్ళు తోముకుంటుంటే తట్టింది. కొత్త ఉపాయమేం కాదు, ఈ పనిలో ఉన్న అందరికీ తెలిసిందే. బద్ధకం, అంతే.

చిన్న పట్టిక ఒకటి పెట్టాను. ఒక్కో ఆపరేషనుకి రెండు గడులు. ఒకదాంట్లో మొత్తం రోజులు, రెండో దాంట్లో మొత్తం మనుషులు. లిస్టులోకి మనిషి వస్తే మనుషుల గడిలో ఒకటి కలుస్తుంది. ఆపరేషను జరిగితే ఆ మనిషి ఆగిన రోజులు రోజుల గడిలో కలుస్తాయి. తెర అడిగినప్పుడు ఒక్క భాగహారం చేస్తే సరి. పాతవన్నీ తిరగేసే పనే లేదు.

చాలా రోజుల తరవాత పని చేసినట్టు అనిపించింది. సాయంత్రం మా ఆవిడకి చెప్పాను. "అయితే నా డబ్బా మూత మీ ఆసుపత్రికి ఎక్కిందన్నమాట" అంది. ఆమెకీ సంతోషంగానే ఉన్నట్టుంది. తరవాత లేవబోయి, లేవలేక మళ్ళీ కూర్చుంది.

జూన్ 17, మంగళవారం

రెప్పపాటులో వస్తోంది. నిజంగానే. మీట నొక్కి వేలు తీసేలోపు అంకె వచ్చేస్తోంది. గోడకి ఇంకా ఎక్కించలేదు, నా బల్ల మీదే చూస్తున్నాను.

అంకె మాత్రం తప్పు. తుంటికి పాత లెక్క నాలుగు నెలలు అంటోంది, కొత్తది రెండున్నరే అంటోంది.

జూన్ 18, బుధవారం

తప్పు నాదే అయి ఉంటుంది. ఇన్నేళ్ళుగా ఆ పాత లెక్క నడుస్తోంది, ఒక్కరూ వేలెత్తి చూపలేదు. నా పట్టిక పుట్టి వారం కాలేదు. రోజుల గడి సరిచూశాను. పాతదానితో అచ్చు గుద్దినట్టు సరిపోయింది.

మనుషుల గడిలో ఉంది తేడా. నా లెక్కలో మనుషులు ఎక్కువగా ఉన్నారు.

జూన్ 19, గురువారం

ఒకే మనిషి పేరు రెండుసార్లు పడిందేమోనని చూశాను. లేదు. పరీక్ష కోసం ఎక్కించిన దొంగ పేర్లేమైనా మిగిలాయేమోనని చూశాను. అవీ లేవు. అందరూ నిజం మనుషులే. పేరు, వయసు, ఫోన్ నంబరు అన్నీ ఉన్నాయి. ఎక్కడివాళ్ళు వీళ్ళంతా? పాత లెక్కకి ఎందుకు కనబడలేదు?

పెద్దసారు రెండుసార్లు ఫోన్ చేశారు. "చూస్తున్నాను సార్."

ఇంట్లో: "ఏమన్నారు మీ గోడ?" "నాలుగే."

సుగరు పరీక్షకి వెళ్ళినప్పుడల్లా హాల్లో తనకి కుర్చీ పట్టిపెట్టే కర్ర తాతగారు ఈ మధ్య రావడం లేదని మా ఆవిడ చెప్పింది. ఆయనదీ తుంటే. ఆయన పోచికోలు కబుర్లు లేక అక్కడ పొద్దు పోవడం లేదట.

జూన్ 20, శుక్రవారం

దొరికింది. రాయబుద్ధి కావడం లేదు.

జూన్ 23, సోమవారం

రాస్తాను. రాయకపోతే ఇంకెవరితో చెప్పుకోను?

ప్రతి రికార్డులోనూ ఆపరేషను తేదీకి ఒక గడి ఉంటుంది. ఆపరేషను జరిగితే తేదీ పడుతుంది. జరగకపోతే ఖాళీ. సున్నా కాదు, ఖాళీ. సగటు చెప్పమంటే డేటాబేస్ ఖాళీ గడి ఉన్నవాళ్ళని పక్కకి నెట్టేసి, తేదీ ఉన్నవాళ్ళనే కూడి, తేదీ ఉన్నవాళ్ళతోనే భాగిస్తుంది. అది దాని తప్పు కాదు, దానికి అలాగే నేర్పారు. ఈ పనిలో చేరిన మొదటి వారంలోనే చెప్పే సంగతి ఇది. ఉద్యోగానికి వచ్చేవాళ్ళని నేనే అడుగుతాను, "ఖాళీ గడిని సగటు ఏం చేస్తుంది?" అని. చెప్పలేనివాళ్ళని వెనక్కి పంపేశాను కూడా.

కాబట్టి గోడ మీద ఉన్న నాలుగు నెలలూ ఆపరేషను అయిపోయినవాళ్ళవి. కిందపడి తుంటి విరిగితే ఎత్తుకొచ్చి రెండు రోజుల్లో చేయించుకుని వెళ్ళినవాళ్ళు కూడా అందులో ఉన్నారు. సగటు దిగడానికి వాళ్ళే కారణం. ఇంకా ఎదురుచూస్తున్నవాళ్ళు అందులో ఒక్కరూ లేరు. హాల్లో కుర్చీల్లో కూర్చుని ఆ తెర వంక తల ఎత్తి చూసేవాళ్ళలో ఏ ఒక్కరూ ఆ అంకెలో లేరు. నా పట్టికలో ఎక్కువ వచ్చిన మనుషులు వాళ్ళే.

కర్ర తాతగారి రికార్డు చూశాను. "పిలిచినా రాలేదు" అని మూసేశారు. తేదీ గడి ఖాళీ. ఆయన ఏమయ్యారో రాయడానికి మా దగ్గర గడి లేదు.

ఇప్పుడు తుంటి లిస్టులో ఉన్నవాళ్ళు ఇప్పటిదాకా ఎన్నాళ్ళు ఆగారో విడిగా కట్టాను. సగటున తొమ్మిది నెలలు. అదీ ఇంకా అయిపోలేదు, నడుస్తోంది.

చివర్న ఆమె రికార్డు తెరిచాను. తెరవకపోయినా తెలుసు, అయినా తెరిచాను. ఆ గడి ఖాళీగా ఉంది.

జూన్ 24, మంగళవారం

వదినకి ఫోన్ చేశాను. ముందు బాగోగులు అడిగాను. అవి అడిగేంతసేపూ ఆమెకి తెలిసిపోయినట్టుంది.

"ఇచ్చేశాం మరిదిగారూ. మీరు వద్దన్నారు కదా, వేరే వాళ్ళకి ఇచ్చేశాం. రేపో ఎల్లుండో వాళ్ళకి ఆపరేషను."

"మళ్ళీ ఎప్పుడు వదినా?"

"ఆగస్టులో ఏమైనా ఉంటుందేమో చూస్తాను. మాట మాత్రం ఇవ్వలేను. ఏం, మీ నాలుగో నెల ఇంకా నిండలేదా?"

ఎగతాళి కాదు, మామూలుగానే అడిగింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను.

ఇంట్లో: "ఏమన్నారు మీ గోడ?" "నాలుగే."

జూన్ 27, శుక్రవారం

పెద్దసారుతో చెప్పాను. కాగితం మీద గీసి చూపించాను. తెలివైన మనిషి, వెంటనే అర్థమైంది. కాగితం మడిచి నాకే ఇచ్చేశారు.

"చూడవయ్యా. నేను అడిగింది అంకె తొందరగా రమ్మని. వేరే అంకె రమ్మని కాదు."

"ఆ అంకె చూసే జనం నిర్ణయాలు తీసుకుంటున్నారు సార్."

"తొమ్మిది నెలలని చూస్తే బెదిరిపోరూ? సగం మంది లేచి వెళ్ళిపోతారు."

"వెళ్ళిపోతే ఇంకెక్కడైనా చేయించుకుంటారు కదా సార్."

నా గొంతు కొంచెం పెరిగింది. ఆయన కళ్ళజోడు తీసి నా వంక చూశారు. "ఏమైందయ్యా నీకు ఇవాళ? ఒంట్లో బాగాలేదా?" అని మెల్లగా అడిగారు. తిడితే బాగుండేది. "వచ్చే నెల పైనుంచి తనిఖీకి వస్తున్నారు, వాళ్ళు వచ్చేలోపు పాత అంకెకి సరిపోయేట్టు చేసెయ్. ఆ తరవాత తీరిగ్గా కూర్చుని మాట్లాడుకుందాం."

తీరిక అన్న మాట నేను ఈ ఆఫీసులో చేరినప్పుడు కూడా ఆయన నోట విన్నాను.

జూన్ 29, ఆదివారం

ఏమీ జరగలేదు. పడుకున్నాను.

జూలై 1, మంగళవారం

"ఏమన్నారు మీ గోడ?"

నోట్లోంచి నాలుగు రాలేదు. చెప్పులు విప్పి, ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని అంతా చెప్పాను. ఖాళీ గడులు, కుర్చీల్లో ఉన్నవాళ్ళు, తొమ్మిది నెలలు, వదిన దగ్గర చోటు పోవడం. నా మాట విని చోటు పోగొట్టుకుందని కూడా చెప్పాను. వింటూనే గుండీ కుట్టడం అయిపోయింది, దారం పంటితో తెంపింది.

"నాకు తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"నాలుగు నెలలు కాదని. ఏమండీ, ఆ హాల్లో కూర్చునే వాళ్ళందరికీ తెలుసు. నాలుగు నెలలకి పిలిపించుకున్న మనిషిని ఒక్కణ్ణి చూపించండి. కర్ర తాతగారు ఆ తెర వంక చూసి, 'అదుగోనమ్మా, మన కాకిలెక్క మళ్ళీ వచ్చింది' అనేవారు."

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

"రోజూ అలిసిపోయి వచ్చి, ఆ ఒక్క మాట మాత్రం మొహం వెలిగిపోతుంటే చెప్తారు. మీకు అదొక్కటే ధైర్యం. దాన్ని కూడా లాక్కోమంటారా?"

ఆమె ధైర్యం కోసం నేను చెబుతున్నాననుకున్నాను.

"వదిన పిలిచినప్పుడు?"

గుండీలు డబ్బాలో వేసి, మూత మీద అంకె చెరిపి, మళ్ళీ రాసింది.

"వెళ్ళాలనే ఉండింది" అంది. "చాలా ఉండింది."

జూలై 4, శుక్రవారం

ఆమె మామూలుగానే ఉంది. "ఏమన్నారు మీ గోడ?" అని అడగడం మానేసింది. గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఒక్క నిమిషం ఆగాను, అడుగుతుందేమోనని. "టీ పెట్టుకోండి, నాకూ పొయ్యండి" అంది.

జూలై 7, సోమవారం

ఇవాళ ఆమెకి ఎముకల డాక్టరు దగ్గర చూపించుకునే రోజు. పొద్దున్నే హాల్లో కూర్చోబెట్టి పైకి వచ్చాను.

వచ్చి, మార్చేశాను. తుంటికి ఎదురుగా తొమ్మిది నెలలు. కింద ఒక ముక్క కూడా పెట్టాను, "ఇప్పుడు లిస్టులో ఉన్నవారు ఇప్పటిదాకా ఆగినది" అని. ధైర్యం వచ్చిందనుకుంటే పొరపాటే, ఓపిక అయిపోయింది.

కాసేపటికి ఫోన్ మోగింది. ఆమె.

"ఏమండీ. ఇక్కడ గోడ మారింది."

"ఊఁ."

"మీరేనా?"

"నేనే. కింద ఏమంటున్నారు? గొడవగా ఉందా?"

"గొడవేం లేదు. మొదట అందరూ మెడలెత్తి చూశారు. నా పక్కన ఒకావిడ ఉంది, అమ్మయ్య అంది. నేనొక్కదాన్నే వెనకబడిపోయానేమో, నా కాగితమే ఎక్కడో పడిపోయిందేమో, ఎవరినైనా అడిగితే ఉన్న చోటు కూడా పోతుందేమో అని ఇన్నాళ్ళూ భయపడుతోందట. అందరిదీ ఇంతేనా అని ఒకటే ఏడుపు, నవ్వు."

వెనక మైకమ్మ ఎవరి పేరో పిలుస్తోంది.

"ఏమండీ, ఉన్నారా? మొత్తానికి ఇన్నాళ్ళకి మమ్మల్ని లెక్కచేశారు" అంది.

మధ్యాహ్నం కాకముందే పెద్దసారు పిలిచారు. ఈసారి కూర్చోమన్నారు. తలుపు వేయించారు. ఏమన్నారో ఇక్కడ రాయను. తిరిగి వచ్చి నా చేతులతోనే నాలుగు పెట్టేశాను. ఉద్యోగం ఊడగొట్టుకునే వయసు కాదు నాది. ఆమె ఆపరేషను ముందుంది, తరవాత నడక నేర్పించాలి. ఇవన్నీ నిజాలే. అయినా పెట్టింది నా చేతులే.

డాక్టరు కొత్త ఎక్స్‌రే చూసి అరుగుదల పెరిగిందన్నారట. పోయిన నెలలో చేసి ఉంటే సరిపోయేది, ఇప్పుడు చేసినా ఆ కాలు రవ్వంత పొట్టిగా మిగులుతుందట. ఒక చెప్పుకి ఎత్తు వేయించుకోవాలి.

పోయిన నెల అంటే జూన్. నెలాఖరున వదిన దగ్గర చోటు.

"అప్పుడే అన్నానుగా, ఒకటిన్నరే అని" అంది మా ఆవిడ. నాకు నవ్వు రాలేదు. నేను నవ్వలేదని తనూ ఆపేసింది.

జూలై 9, బుధవారం

టీ దగ్గర మైకమ్మ పట్టుకుంది.

"అన్నా, సోమవారం పొద్దున తొమ్మిదన్నావు, మధ్యాహ్నానికి నాలుగన్నావు. భోజనాల టైములో అందరికీ ఆపరేషన్లు చేసేశారా ఏమిటి?"

చెప్పాను. రెండే మాటల్లో అర్థం చేసుకుంది. రోజూ ఆ మొహాల ఎదుట కూర్చునేది ఆమే కదా.

"అయితే నిజం అంకె నీ దగ్గర ఉందా, తీసేశావా?"

ఉంది. తీసేయమని వాళ్ళూ అనలేదు, నేనూ తీయలేదు. నా పట్టికలో ఇంకో రెండు గడులు కలిపాను. ఆగుతున్నవాళ్ళు ఎంతమంది, వాళ్ళు ఆగిన రోజులెన్ని. అదీ రెప్పపాటులోనే వస్తుంది.

"ఇంకేం మరి! రోజూ పొద్దున్నే నాకు చెప్పు. ఎన్నాళ్ళు పడుతుందమ్మా అని అడగనివాళ్ళు లేరు నన్ను. గోడ మీద రాయొద్దన్నారు గానీ, నా నోటికి ఎవరూ తెర కట్టలేదుగా!"

జూలై 16, బుధవారం

తనిఖీ అయిపోయింది. తెర రెప్పపాటులో మారడం చూసి వచ్చినవాళ్ళు ముచ్చటపడ్డారు. పెద్దసారు నా భుజం తట్టి అందరి ముందూ పరిచయం చేశారు. "మావాడు. వేగంలో వీడిని మించినవాడు లేడు" అన్నారు. ఒకాయన తెర దగ్గరికి వెళ్ళి వేలితో తట్టి, "ఇంత పెద్ద ఆసుపత్రిలో తుంటికి నాలుగే నెలలా! భేష్" అన్నాడు.

తొందరగా వస్తోంది, అంతే. ఇదివరకు తప్పు చెప్పడానికి కాసేపు పట్టేది.

జూలై 17, గురువారం

పొద్దున్నే మైకమ్మ ఫోన్. "అన్నా, ఇవాళ నిజం ఎంత?" చెప్పాను. రోజూ అడుగుతోంది. ఇప్పుడు నా రోజు ఆ ఫోన్‌తోనే మొదలవుతోంది.

జూలై 28, సోమవారం

వదిన. ఆగస్టు రెండో వారంలో చోటు ఉందట. "ఈసారి ఆలోచించుకుంటారా మరిదిగారూ?" అంది.

"వస్తున్నాం వదినా."

మా ఆవిడ పక్కనుంచి, "నన్ను కూడా అడగండి" అంది.

అడిగాను.

"వెళ్దాం" అంది. వెంటనే వెళ్ళి అలమరలో చీర వెతకడం మొదలుపెట్టింది, ఇంకా పది రోజులు పైనే ఉన్నా.

ఆగస్టు 8, శుక్రవారం

రేపు ప్రయాణం. ఇక్కడి లిస్టులోంచి పేరు తీసిన కాగితం ఉంటేగాని అక్కడ చేర్చుకోరు. ఆ పని చేసే గుమస్తా సెలవులో ఉన్నాడు. నన్నే చేసుకోమన్నారు, కంప్యూటరు తాళాలన్నీ నా దగ్గరే ఉన్నాయి కదా అని.

ఆమె రికార్డు తెరిచాను. పేరు రాయించి ఏడాది నిండింది. తీసేయడానికి కారణం ఏమిటని కంప్యూటరు అడుగుతుంది, నాలుగైదు మాటలు చూపించి ఒకటి ఎంచుకోమంటుంది. ఆపరేషను అయిపోయింది అన్నది మొదటిది. వేలు అలవాటు కొద్దీ దాని మీదికే పోయింది. వెనక్కి తీసి "వెళ్ళిపోయారు" అన్నది నొక్కాను. తేదీ గడి అడగనే లేదు. ఇక అది ఎప్పటికీ ఖాళీయే.

ఉండబట్టలేక తెర వైపు చూశాను. కింది హాల్లో ఉన్నదే నా బల్ల మీద కూడా కనబడుతుంది. రెప్పపాటులో కొత్త లెక్క వచ్చేసింది. తుంటికి నాలుగు నెలలు. ఆమె ఏడాది పాటు అక్కడ కూర్చున్నప్పుడూ అంతే, లేచి వెళ్ళిపోయినప్పుడూ అంతే.

అప్పుడే ఫోన్ మోగింది.

"అన్నా, నిజం ఎంత ఇవాళ?"

చూశాను. నిన్నటికంటే ఒక రోజు తగ్గింది.

"ఒక రోజు తగ్గిందమ్మా."

"అబ్బ! పొద్దున్నే మంచి మాట చెప్పావు. ఇన్నాళ్ళూ పెరగడమే గానీ తగ్గడం విన్లేదు. ఎవరికైనా ఆపరేషను చేశారా?"

"లేదు. ఏడాదిగా ఆగుతున్న ఒకావిడ లిస్టులోంచి వెళ్ళిపోయింది."

"ఎవరావిడ, పాపం?"

మా ఆవిడ పేరున్న కాగితం ప్రింటు తీసి జేబులో పెట్టుకున్నాను.

"పోన్లే, ఎక్కడో ఒకచోట బాగుపడితే అదే చాలు" అంది మైకమ్మ. ఫోన్ పెట్టకుండానే మైకు నొక్కి తరవాతి పేరు పిలిచింది.